చెట్టు పనికి ఒప్పుకునే ముందు: పనిముట్లు, జాగ్రత్తలు, కూలీల హక్కులు

వేసవి ముగిసి తొలకరి దగ్గర పడుతుండగా మా విశాఖ ప్రాంతంలో చెట్ల పని ఒక్కసారిగా పెరుగుతుంది. డాబా మీదికి వాలిన వేప కొమ్మలు, కరెంటు తీగలను ఒరుసుకుంటున్న బాదం చెట్లు, ప్రహరీ గోడను పగలగొట్టే స్థితికి వచ్చిన రావి మొక్కలు అప్పుడే అందరి కంటా పడతాయి. ఇంటి యజమాని వీధిలో వెళ్తున్న మనిషిని ఆపి, ఈ చెట్టు కొట్టడానికి ఎంత తీసుకుంటావని అడుగుతాడు. అతను చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి ఒక అంకె చెబుతాడు, ఇద్దరూ కాసేపు బేరమాడుకుంటారు, మరో పది నిమిషాలకు అతను నడుముకు కత్తి దోపుకొని చెట్టు మీద ఉంటాడు. ఇరవై ఏళ్ళుగా ఈ పనులు దగ్గరుండి చేయిస్తున్న నాకు అర్థమైనదేమంటే, ప్రమాదం జరిగేది చెట్టు మీదే అయినా దానికి బీజం పడేది ఆ పది నిమిషాల బేరంలోనే. ఎందుకంటే అలా కుదిరిన గుత్తలో మంచి తాడుకు డబ్బు ఉండదు, కింద నిలబడే రెండో మనిషికి కూలి ఉండదు, కరెంటు ఆపించేదాకా ఆగే తీరిక అసలే ఉండదు.

అందువల్ల ఈ వ్యాసాన్ని రంపం నుంచి కాక బేరం నుంచే మొదలుపెడుతున్నాను. పని ఇచ్చే యజమానికీ, గుత్తకు ఒప్పుకునే మేస్త్రీకీ, చెట్టెక్కే కూలీకీ ఇది ఒకేలా ఉపయోగపడాలని నా కోరిక.

గుత్త మాట్లాడేటప్పుడు

చెట్టుకు ఇంత అని ఏకమొత్తంగా ఒప్పుకోవడం మన దగ్గర రివాజు. ఈ పద్ధతిలో పని ఎంత త్వరగా ముగిస్తే కూలి అంత గిట్టుబాటు అవుతుంది కాబట్టి తొందర దానంతట అదే వచ్చి చేరుతుంది. గుత్త వద్దని నేను అనను. అయితే ఆ అంకె చెప్పేముందు లెక్కలో చేరవలసినవి కొన్ని ఉన్నాయి: ఎక్కే మనిషి ఒకరు, అవసరమైతే అతన్ని దించగలిగే మనిషి మరొకరు, కింద తాడు పట్టేవారు, దారిన పోయేవారిని ఆపేవారు, కొమ్మలు ఈడ్చి కుప్ప వేసేవారు. ఇంటి ఆవరణలోని మామూలు చెట్టుకైనా ముగ్గురికి తక్కువైతే నేను పని మొదలుపెట్టను. వాన పడితే, గాలి పెరిగితే పని మరుసటి రోజుకు వాయిదా పడుతుందనీ, అందుకు కూలిలో కోత ఉండదనీ ముందే చెప్పుకోవాలి. ఈ ఒక్క మాట ముందుగా అనుకోకపోవడం వల్లనే తడిసిన బెరడు మీద కాళ్ళు జారుతున్నా దిగకుండా పని పూర్తి చేయబోయిన వారిని చూశాను.

కొట్టిన కలప ఎవరిది, చెత్త ఎవరు ఎత్తాలి, పక్కింటి రేకుల మీద కొమ్మ పడితే ఆ ఖర్చు ఎవరు భరించాలి అన్నవి కూడా అప్పుడే తేల్చుకోవాలి. చెట్టు మీద ఉన్న మనిషితో కింద నుంచి కలప గురించి తగవు పెట్టుకునే పరిస్థితి రాకూడదు.

అనుమతి సంగతి మరచిపోరాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే అందరూ వాల్టా అని పిలిచే చట్టం, సొంత స్థలంలోని చెట్టును నరకడానికి కూడా ముందస్తు అనుమతి కావాలని చెబుతోంది. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ అది అమలులో ఉంది. పట్టణాల్లో ఉండేవారు అటవీ శాఖ కార్యాలయంతోపాటు మున్సిపాలిటీలో కూడా విచారించుకోవడం మేలు. తాడి, ఈత చెట్ల విషయంలో కల్లు గీతకు సంబంధం ఉన్నందున ఎక్సైజ్ శాఖను కూడా అడగాలి. అనుమతి కాగితం నకలు పనిచోట మేస్త్రీ దగ్గర ఉండాలి, ఎందుకంటే ఎవరైనా వచ్చి ఆపినప్పుడు జవాబు చెప్పవలసి వచ్చేది యజమాని కాదు, చేతిలో రంపం ఉన్న కూలీ.

ఒంటి మీద ఉండవలసినవి

లుంగీ, భుజం మీద తువ్వాలు, మెడలో వేలాడే తాయెత్తు దారం రంపం మిషన్లో తిరిగే గొలుసు దగ్గరకు రాకూడదు. కొమ్మలు ఈడ్చే స్త్రీలు చీర కొంగు బిగించి, పైన పొడవు చేతుల చొక్కా తొడుక్కుంటే ముళ్ళ నుంచి కూడా రక్షణ ఉంటుంది. శిరస్త్రాణం ఎక్కే మనిషికి మాత్రమే అనుకోవడం పెద్ద పొరపాటు, ఎందుకంటే పై నుంచి పడేది కింద ఉన్నవారి నెత్తిన. ఐఎస్ 2925 (ఐఎస్ అంటే భారతీయ ప్రమాణం) గుర్తు ఉన్న హెల్మెట్ కింద ఉన్న ప్రతి ఒక్కరికీ కావాలి, ఎక్కే మనిషి హెల్మెట్‌కు గడ్డం కింద బిగించే పట్టీ తప్పనిసరి. మోటారు సైకిల్ హెల్మెట్ పెట్టుకొని చెట్టెక్కేవారు ఉన్నారు గాని, అందులో పక్కకు చూపు ఆనదు, కింది మనిషి కేక వినపడదు.

కాళ్ళకు ఐఎస్ 15298 గుర్తున్న, ముందు భాగంలో ఉక్కు తొడుగు ఉన్న బూట్లు నేల మీద పనికి మంచివి. చెట్టెక్కడానికి అవి బరువు, కాబట్టి అక్కడ పట్టు ఉన్న అడుగుతో చీలమండను కప్పే బూట్లు వాడుకోవాలి. వట్టి కాళ్ళతో ఎక్కడమే తమకు పట్టు అని చెప్పే అనుభవజ్ఞుల మాటను నేను తీసిపారేయను. అది కత్తితో పనిచేసిన రోజుల మాట. చేతిలో మిషన్ ఉన్నప్పుడు వట్టి కాలికి రెండో అవకాశం ఉండదు.

రంపం పట్టే మనిషికి మరో రెండు అవసరం. ఒకటి చెవుల రక్షణ. పెట్రోలు రంపం చప్పుడు వంద డెసిబెల్స్ దాటుతుంది, ఏళ్ళ తరబడి విన్నవారికి వినికిడి తగ్గి, కింది నుంచి వచ్చే హెచ్చరికలే వినపడకుండా పోతాయి. రెండోది రంపపు పనికోసమే తయారైన కాలి తొడుగు. ఇందులో పొరలు పొరలుగా పొడవాటి నారలు ఉంటాయి. గొలుసు గుడ్డను తాకగానే ఆ నారలు బయటికి వచ్చి చక్రానికి చుట్టుకొని రంపాన్ని నిలిపేస్తాయి. మామూలు జీన్స్ ప్యాంటు ఆ పని చేయదు. మన ఎండలకు ఈ తొడుగు భరించడం కష్టమే, అందుకే మిషన్ పనిని ఉదయం పదకొండులోపు ముగించేలా ఏర్పాటు చేసుకుంటాను.

రంపం మిషన్ సంగతి

అద్దెకు తెచ్చిన మిషన్‌ను మొదట స్టార్ట్ చేసి చూడటం కాదు, మొదట ఆపి చూడాలి. ముందు పిడికి ఎదురుగా ఉండే అడ్డుపలక చైన్ బ్రేకు. మిషన్ తిరుగుతుండగా దాన్ని ముందుకు నొక్కితే గొలుసు తక్షణం ఆగాలి. ఆగకపోతే ఆ మిషన్‌ను తిరిగి ఇచ్చేయాలి. గొలుసు తెగితే పట్టుకునే కొక్కెం, వెనక పిడిలో ఉండే లాక్ మీట విరిగిపోయిన మిషన్లు అద్దె దుకాణాల్లో ఎక్కువగా కనిపిస్తాయి. వాటిని వంద రూపాయలు తక్కువకు ఇస్తామన్నా తీసుకోకూడదు.

గొలుసు బిగువు సరిచూడటానికి ఇంజను ఆపి, చల్లారాక, చేతి తొడుగుతో గొలుసును బార్ (గొలుసు తిరిగే పొడవాటి పలక) మధ్యలో కొద్దిగా పైకి లాగాలి. అది తేలికగా జరగాలి, అయితే కింద ఉండే పళ్ళు బార్ గాడిలోంచి పూర్తిగా బయటికి రాకూడదు. పదును ఉందో లేదో చెప్పేది పొట్టు. మొన్న ఒక ఎండు చింత మొద్దు దగ్గర మా కుర్రవాడు మిషన్‌ను రెండు చేతులతో బలంగా నొక్కుతున్నాడు, అయినా అది దిగడం లేదు. అతని బూట్ల మీద పడుతున్నది పసుపు పొడి లాంటి మెత్తని దుమ్ము. మిషన్ ఆపించి, గుండ్రటి ఆకురాయితో ప్రతి పంటికీ మూడేసి సార్లు, ఒకే దిశలో, ఒకే కోణంలో పదును పెట్టించాను. మళ్ళీ మొదలుపెట్టాక పొట్టు బియ్యపు గింజల పరిమాణంలో ముక్కలుగా ఎగిరింది, మిషన్ తన బరువుతోనే దిగిపోయింది. మొద్దుబారిన గొలుసుతో నొక్కి కోసే మనిషికి కోత ముగిసిన క్షణాన ఆ ఒత్తిడి అంతా ఎటు పోవాలో తెలియదు. అది సాధారణంగా అతని మోకాలి వైపే పోతుంది.

ఇంధనం కలిపే పాళ్ళు మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటాయి. ఇప్పటి మిషన్లలో చాలావాటికి యాభై పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు టూ స్ట్రోక్ ఆయిల్, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. గొలుసుకు పోసే నూనె వేరు, దాని ట్యాంకు వేరు. వేడి మీద ఉన్న మిషన్‌లో పెట్రోలు పోయరాదు, పోసిన చోటే స్టార్ట్ చేయరాదు, పది అడుగులు పక్కకు జరగాలి. బీడీ ఆ చుట్టుపక్కల ఉండకూడదు.

స్టార్ట్ చేసేటప్పుడు మిషన్ నేల మీద ఉండాలి, చైన్ బ్రేకు వేసి ఉండాలి, వెనక పిడిలో కుడి కాలి ముందు భాగం ఉంచి, ఎడమ చేత్తో ముందు పిడిని గట్టిగా పట్టుకొని తాడు లాగాలి. గాలిలో మిషన్‌ను కిందికి విసురుతూ తాడు లాగడం చూసేవారికి చేయి తిరిగిన పనిలా కనిపిస్తుంది గాని, ఆ క్షణంలో తిరిగే గొలుసును అదుపులో ఉంచేది ఏదీ ఉండదు.

అన్నిటికంటే ముఖ్యంగా తెలుసుకోవలసినది మిషన్ ఎగదన్నడం. బార్ ముక్కు పై భాగం దేనికైనా, అది కనపడని రెమ్మ అయినా సరే, తగిలితే గొలుసు అక్కడ పట్టుకొని బార్ మొత్తాన్ని రెప్పపాటులో పైకి, మనిషి ముఖం వైపు విసురుతుంది. దానిని చూసి తప్పుకునే వ్యవధి ఎవరికీ ఉండదు. కాబట్టి ముక్కుతో కోయకూడదు. రెండు చేతులూ పిడుల మీదే ఉండాలి, ఎడమ బొటనవేలు ముందు పిడి కింద నుంచి చుట్టుకొని ఉండాలి, మెడ బార్‌కు నేరుగా కాక ఒక పక్కకు ఉండాలి, భుజాల ఎత్తు దాటి రంపం పైకి లేవకూడదు. నిచ్చెన మీద నిలబడి మిషన్ వాడటాన్ని నేను పూర్తిగా నిషేధించాను. కొమ్మ తెగగానే బరువు తగ్గి మిగిలిన మోడు పైకి లేస్తుంది, దానికి ఆనించిన నిచ్చెన ఖాళీలోకి పోతుంది.

ఎక్కేటప్పుడు

ఎక్కే ముందు చెట్టును చదవాలి. గొడ్డలి వెనక భాగంతో మాను చుట్టూ కొడితే గట్టి మానుకు నిండు శబ్దం, డొల్లకు డప్పు లాంటి శబ్దం వస్తాయి. మొదట్లో పుట్టగొడుగులు, చెదల మట్టి బాటలు, ఒక పక్క పైకి లేచిన నేల కనిపిస్తే ఆ చెట్టును ఎక్కకుండా, నేల మీద నుంచి లేదా బకెట్ ఉన్న వాహనం మీద నుంచి కొట్టే మార్గం చూడాలి. మునగ, నేరేడు కొమ్మలు పచ్చగా ఉన్నా పెళుసు. చింత కొమ్మ వంగుతుంది గాని తొందరగా విరగదు. తురాయి కొమ్మ పైకి నిండుగా కనిపిస్తూనే లోపల పుచ్చి ఉంటుంది. తేనెపట్టు, కందిరీగల తుట్టె ఉన్నాయేమో కింద నుంచి పది నిమిషాలు నిలబడి చూడాలి, ఎందుకంటే అవి లేచినప్పుడు తాడుతో కట్టుకొని ఉన్న మనిషి పారిపోలేడు.

తాడు గురించి ఒక్క నియమం: మనిషిని మోసే తాడు, కొమ్మను దించే తాడు ఎప్పుడూ ఒకటి కాకూడదు. లారీ సరుకు కట్టే తాడుతో మనిషి వేలాడకూడదు. ఎక్కడానికి ఉద్దేశించిన, తెగే బలం 22 కిలోన్యూటన్లు, అంటే సుమారు 2,200 కిలోలు ఉన్న తాడు తీసుకొని, దానిని వేరే సంచిలో, పెట్రోలు తగలకుండా దాచాలి. నడుముకు మాత్రమే కట్టే బెల్టు పడినప్పుడు నడుము విరుస్తుంది, లేదా మనిషి అందులోంచి జారిపోతాడు. ఐఎస్ 3521 గుర్తున్న, తొడలకూ భుజాలకూ పట్టీలు ఉండే పూర్తి ఒంటి హార్నెస్ వాడాలి. కల్లు గీత కార్మికులు చెట్టెక్కడానికి వాడే మోకు, ముస్తాదు తరాల నైపుణ్యం నుంచి పుట్టిన పనిముట్లే. అయినా అవి జారినప్పుడు పట్టుకునే రెండో ఆధారం లేకనే ఎందరో ప్రాణాలు పోయాయి. తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో వారికి భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టినదీ ఈ లోపాన్ని పూడ్చడానికే. ఆ రెండో ఆధారం అనే సూత్రం కొమ్మలు కొట్టేవారికి మరింత వర్తిస్తుంది, ఎందుకంటే వీరి చేతిలోని రంపమే వీరి తాడును కోయగలదు. చెట్టు మీద రంపం నడుపుతున్నంతసేపు రెండు వేర్వేరు ఆధారాలు ఉండాలి, అందులో ఒకటి లోపల ఉక్కు తీగ ఉన్న పొట్టి తాడు అయి ఉండాలి.

హార్నెస్‌లో కదలకుండా వేలాడుతున్న మనిషికి కాళ్ళలో రక్తం నిలిచిపోయి కొద్ది నిమిషాలలోనే ప్రాణం మీదికి వస్తుంది. ఫైరింజన్ వచ్చి దించుతుందిలే అనుకోవడానికి వీల్లేదు. దించగల రెండో మనిషి, అతనికి వేరే తాడు, హార్నెస్ మొదటి నిమిషం నుంచి కింద సిద్ధంగా ఉండాలి.

కరెంటు తీగల దగ్గర

ఈ పనిలో దిద్దుకునే అవకాశం ఇవ్వని తప్పు ఇక్కడే జరుగుతుంది. పచ్చి కొమ్మలో నీరు ఉంటుంది, అది కరెంటును మోస్తుంది. దోటికి ఇనుప గొట్టం వాడినా, అల్యూమినియం నిచ్చెన వాడినా అంతే. పదకొండు కేవీ, అంటే పదకొండు వేల వోల్టుల, లైనును ముట్టుకోనక్కరలేదు, తగినంత దగ్గరకు వెళ్తే చాలు. మనిషి గాని, పనిముట్టు గాని, పడబోయే కొమ్మ గాని తీగకు పది అడుగుల లోపలికి వచ్చే అవకాశం ఉంటే కరెంటు ఆపించిన తరువాతే పని మొదలుకావాలి.

ఆపించడం అంటే లైన్‌మన్‌కు ఫోను చేసి సరే అనిపించుకోవడం కాదు. 1912 నంబరుకు లేదా సెక్షన్ కార్యాలయానికి తెలియజేసి, వారు ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకోవడానికి అనుమతి) తీసుకొని, పనికి రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలించిన తరువాత, ఆ లైన్‌మన్ పనిచోటనే ఉన్నప్పుడు చెట్టెక్కాలి. పక్క వీధిలోని ఇన్వర్టరు, జనరేటరు తప్పుగా కలిపి ఉంటే ఆగిన లైనులోకి కూడా కరెంటు తిరిగి వస్తుంది. ఎర్త్ రాడ్లు ఉండేది అందుకే. ఇంటికి వచ్చే సర్వీసు వైరు మీది రబ్బరు తొడుగును కూడా నమ్మకూడదు, ఎండకు పగిలి ఎన్నో చోట్ల రాగి బయటపడి ఉంటుంది.

కోత

పెద్ద కొమ్మను పై నుంచి ఒకే కోతతో తెంచితే, సగం తెగేసరికి బరువుకు విరిగి, మాను బెరడును నిలువునా చీల్చుకుంటూ పడుతుంది. దీనికి మూడు కోతల పద్ధతి ఉంది. మాను నుంచి అడుగు దూరంలో కొమ్మ అడుగు భాగాన మూడో వంతు లోతుకు మొదటి కోత, దానికి రెండు మూడు అంగుళాలు బయటికి పై నుంచి రెండో కోత. కొమ్మ పడిపోయాక మిగిలిన మోడును, మాను దగ్గర ఉంగరంలా ఉబ్బిన భాగానికి సరిగ్గా బయట, మూడో కోతతో తీసేయాలి. ఆ ఉబ్బును కోయకపోతే చెట్టు గాయాన్ని తానే కప్పుకుంటుంది.

తాడుతో దించే కొమ్మకు తాడును మానుకు రెండు మూడు చుట్లు తిప్పి, ఆ రాపిడి మీద దించాలి. కింద ఉన్నవారు తాడును అరచేతికి చుట్టుకోరాదు. కేక వినపడని చప్పుడులో ఈల పనికివస్తుంది. మా దగ్గర ఒక ఈల అంటే ఆపు, రెండు ఈలలంటే కింద ఖాళీగా ఉంది, కోయవచ్చు అని అర్థం.

మొత్తం చెట్టును పడగొట్టేటప్పుడు చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలోపల పనివారు తప్ప ఎవరూ ఉండకూడదు. పడే వైపుకు వ్యతిరేకంగా, ఏటవాలుగా వెనక్కి వెళ్ళే దారిని ముందే శుభ్రం చేసుకోవాలి. పడవలసిన వైపు, మాను అడ్డుకొలతలో నాలుగో వంతుకు మించకుండా, నోరు తెరిచినట్టు ముక్క తీయాలి. తరువాత వెనక నుంచి కోత వేయాలి, అయితే మొత్తం తెంచకూడదు. మధ్యలో కొలతలో పదో వంతు కలపను కీలులా వదలాలి. ఇరవై అంగుళాల మాను అయితే నోరు నాలుగైదు అంగుళాలు, కీలు రెండు అంగుళాలు. తలుపును బందు నడిపినట్టు చెట్టును ఆ కీలే నడుపుతుంది. దానిని కోసేసిన చెట్టు తన ఇష్టం వచ్చిన వైపు పడుతుంది. బాగా వాలిన జామాయిల్, సుబాబుల్ మాన్లు వెనక కోత వేస్తుండగానే నిలువునా చీలి, చీలిన సగం వెనక్కి తన్నే ప్రమాదం ఉంది. వాటిని కొత్తవారికి అప్పగించకూడదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను దాటిన తరువాత మా ఊళ్ళో రోడ్ల మీద పడిన చెట్లను తీస్తూ నేర్చుకున్నది ఒకటి చెప్పాలి. పడిన చెట్టు ప్రశాంతంగా కనిపిస్తుంది గాని, వంగి ఇరుక్కున్న ప్రతి కొమ్మా ఎక్కుపెట్టిన విల్లు. వంపు లోపలి వైపు కలప నొక్కుకొని ఉంటుంది, బయటి వైపు సాగి ఉంటుంది. ముందు లోపలి వైపు కొద్దిగా కోసి, తరువాత బయటి వైపు నెమ్మదిగా కోయాలి, నిలబడేది కొమ్మ విసురుకు పక్కన. వేళ్ళతో పెళ్ళగిలిన చెట్టు మానును కోయగానే వేళ్ళ గడ్డ ఒక్క ఉదుటున గుంటలోకి తిరిగి నిలబడుతుంది. అలాంటి ఒక గుంటలో పిల్లలు ఆడుకుంటూ కనిపించిన ఆ మధ్యాహ్నం ఇప్పటికీ గుర్తుంది. అరిచి బయటికి రప్పించిన తరువాతే కోత వేయించాను. అప్పటి నుంచి గుంటకు కాపలాగా ఒక మనిషిని పెట్టకుండా మాను కోయించలేదు.

దెబ్బ తగిలితే 108కి ఫోను చేసే పని ఎవరిదో ఉదయమే నిర్ణయించి ఉండాలి, పనిచోటు గుర్తులు అతనికి నోటికి వచ్చి ఉండాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద బలంగా, వదలకుండా నొక్కి పట్టుకోవాలి. పసుపు, కాఫీ పొడి పోయవద్దు. ఎత్తు నుంచి పడిన మనిషిని కూర్చోబెట్టి నీళ్ళు తాగించే ప్రయత్నం చేయవద్దు, మెడ, వెన్ను కదలకుండా పడుకోనివ్వాలి. కరెంటు తగిలి వేలాడుతున్న మనిషిని లైను ఆగేదాకా ముట్టుకోకూడదు. ఇది పాటించడం చాలా కష్టం, అయినా తప్పదు.

కూలి, బీమా, నష్టపరిహారం

చెట్టు కూలీకి జరిగే అన్యాయంలో సగం చట్టం లేకపోవడం వల్ల కాదు, ఉన్నది తెలియకపోవడం వల్ల. పని కారణంగా, పని సమయంలో జరిగిన ప్రమాదానికి యజమాని పరిహారం చెల్లించాలని 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం చెప్పింది. ఆ ఏర్పాటు ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్, 2020లో భాగమైంది. కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చాయి. ఒక్క రోజు పనికి వచ్చినవాడు కదా, నాకేమిటి సంబంధం అనే వాదనకు ఆధారమైన మినహాయింపును 2000 సంవత్సరపు సవరణ తొలగించింది. పెద్ద సంస్థ తన పనిలో భాగాన్ని కాంట్రాక్టరుకు అప్పగించినప్పుడు, ప్రమాదంలో ఆ సంస్థను కూడా పరిహారం అడగవచ్చు, తరువాత అది కాంట్రాక్టరు నుంచి రాబట్టుకుంటుంది.

మరణానికి పరిహారం లెక్క ఇలా ఉంటుంది: నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించాలి. 2020లో కేంద్రం ప్రకటించిన పరిమితి ప్రకారం నెల వేతనాన్ని 15,000 రూపాయల వరకే లెక్కిస్తారు. నలభై ఏళ్ళ వయసుకు గుణకం 184.17. అంటే 7,500ను దానితో హెచ్చిస్తే 13,81,275 రూపాయలు. శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వస్తే సగానికి బదులు అరవై శాతంతో లెక్క కడతారు. వైద్యానికి అయిన అసలు ఖర్చు వేరుగా ఇవ్వాలి.

ఈ అంకెను ఒకసారి మనసులో ఉంచుకొని, మన ఊళ్ళలో జరిగే రాజీలను తలచుకోండి. పెద్దమనుషులు కూర్చొని, దహనం ఖర్చులతో కలిపి లక్షో, రెండు లక్షలో ఇప్పించి, ఇక ఏ కేసూ వేయబోమని చనిపోయిన మనిషి భార్య చేత వేలిముద్ర వేయిస్తారు. పరిహారం హక్కును వదులుకుంటూ రాసుకున్న ఒప్పందం చెల్లదు. మరణ పరిహారాన్ని కుటుంబం చేతికి ఇస్తే చట్టం దృష్టిలో చెల్లించినట్టు కాదు, దానిని కార్మిక శాఖలోని నష్టపరిహార అధికారి దగ్గర జమ చేయాలి. ప్రమాదం జరిగిన రెండేళ్ళలోపు కుటుంబం అక్కడ దరఖాస్తు చేసుకోవచ్చు. మేస్త్రీలకు నేను చెప్పేదేమంటే, ఈ భారాన్ని మోసే బీమా పాలసీలు సాధారణ బీమా కంపెనీల దగ్గర ఉన్నాయి, ఆ ప్రీమియాన్ని గుత్తలో కలిపే అడగండి.

కూలీల వైపు కూడా ఒక మాట ఉంది. మత్తులో ఉండి గాని, ఇచ్చిన రక్షణ పరికరాన్ని కావాలని తీసేసి గాని గాయపడితే, అది మరణమో శాశ్వత పూర్తి వైకల్యమో కానప్పుడు, పరిహారం నిరాకరించే వీలు యజమానికి ఉంది. కాబట్టి మధ్యాహ్నం భోజనంతో కల్లు తాగి తిరిగి చెట్టెక్కనివ్వకపోవడం క్రమశిక్షణ కోసం మాత్రమే కాదు.

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ళ వారెవరైనా ఏడాదికి 20 రూపాయలతో చేరవచ్చు. ప్రమాద మరణానికి రెండు లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి లక్ష వస్తాయి. ఇది యజమాని ఇవ్వవలసిన పరిహారానికి బదులు కాదు, దానికి అదనం. ఏటా మే నెలాఖరులో ఖాతాలో ఆ ఇరవై రూపాయలు ఉన్నాయో లేదో చూసుకోవాలి. కొబ్బరి చెట్లు ఎక్కేవారికి కొబ్బరి అభివృద్ధి మండలి కేర సురక్ష పేరుతో వేరే బీమా నడుపుతోంది. ఈశ్రమ్ పోర్టల్‌లో అసంఘటిత కార్మికుడిగా పేరు నమోదు చేసుకోవడం కూడా మంచిది.

కూలి విషయంలో మూడు సంగతులు తప్పకూడదు. గుత్త అయినా, రోజు కూలి అయినా ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనానికి తగ్గకూడదు. మామూలు గంటలు దాటిన పనికి రెట్టింపు రేటు ఇవ్వాలి. ఒకే పనికి స్త్రీకీ పురుషుడికీ ఒకే కూలి ఉండాలి. ఎండలో ముళ్ళ కొమ్మలు ఈడ్చే స్త్రీకి, అదే కొమ్మ రెండో కొస పట్టుకున్న పురుషుడి కన్నా వంద తక్కువ ఇవ్వడం ఎన్నో చోట్ల చూశాను, అది చట్టవిరుద్ధం. పద్నాలుగేళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. నేనైతే పద్దెనిమిది నిండని ఎవరినీ కొమ్మలు ఏరడానికి కూడా రానివ్వను.

పరిహారం అడగవలసి వచ్చినప్పుడు కుటుంబానికి ఎదురయ్యే మొదటి ప్రశ్న, అతను ఆ రోజు మీ దగ్గరే పనిచేశాడని రుజువు ఏమిటి అన్నది. అందుకోసం మేస్త్రీ దగ్గర ఒక నోటు పుస్తకం ఉండాలి. అందులో తేదీ, పనిచోటు, పని ఇచ్చిన యజమాని పేరు, వచ్చిన ప్రతి మనిషి పేరు, వయసు, కూలి, ఇంట్లో ఎవరికి తెలియజేయాలో ఆ ఫోను నంబరు ఉదయమే రాసి, ఎదురుగా సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. కూలి వీలైనంతవరకు ఖాతాలోకే పంపాలి. మేస్త్రీ పుస్తకం రాయకపోతే, కూలీ పనిచోటు నుంచి ఇంటికి ఒక ఫోటో పంపినా చాలు. చెట్టు, ఇల్లు, తోటి పనివారు అందులో కనిపించేలా తీసి, మొదటి కోతకు ముందే పంపాలి.